పనిలో నిబ్బరము

హైదరాబాదు నగరమునకు తూర్పున, ఉప్పల్‌కును నాచారమునకును నడుమ చిల్కానగర్ అను పేట ఒకటి కలదు. ఒక తరము క్రిందట ఇది ఊరి శివారు. నేడు గోడకు గోడ ఆనుకొనిన ఇండ్లతో, అద్దె గదులతో, కిరాణా కొట్లతో క్రిక్కిరిసిన నగరభాగము. ఉదయము ఎనిమిది గంటలవేళ ఇచటి వీథులలో నిలిచి చూచినచో ఎన్నియో వృత్తులవారు కనిపింతురు. నాచారము, ఉప్పల్ పారిశ్రామిక వాడలకు టిఫిను డబ్బాలతో పోవు టర్నర్లు, ఫిట్టర్లు. మందుల కంపెనీలలో పనిచేయు పట్టభద్రులు. హబ్సిగూడ దారిలోని పరిశోధనశాలల ఉద్యోగులు. ఉప్పల్ స్టేషనులో మెట్రో రైలెక్కి నగరపు ఆ కొసనున్న కంప్యూటరు కార్యాలయములకు పోవు యువతీయువకులు. పనులు వేరు, చదువులు వేరు, జీతములు వేరు. అయినను వీరిలో చాలమందిని ఒకే చింత వెంటాడుచున్నది. తాము పని నేర్చుకొన్ననాటి పరికరము నేడు తమ చేతిలో లేదు. నేడు చేతిలోనున్నది రేపు ఉండునను నమ్మకమును లేదు.

ఈ చింతను గూర్చి నేడు ముచ్చటింపదలచినాము. ఉద్యోగము పోవునేమో యను భయము వేరు. అది ఆర్థికశాస్త్రమునకును ప్రభుత్వ విధానమునకును సంబంధించిన విషయము. మేము చెప్పదలచినది అంతకు ముందే మనసులో జరుగు సంగతి. ఉద్యోగమున్నది, నెల తిరుగగానే జీతము వచ్చుచున్నది, కాని పనిలో నిబ్బరము సడలినది. ఇరువది యేండ్లు లేత్ మీద పనిచేసిన టర్నరును తలచుకొనుడు. టూలు ఇనుమును కోయు చప్పుడును బట్టియే జాబ్ సరిగా వచ్చుచున్నదో లేదో ఆయన చెప్పగలడు. అట్టివాని యెదుట కంప్యూటరుతో నడచు సి.ఎన్.సి. యంత్రమును నిలిపి, తెరమీద అంకెలు కొట్టుమన్నప్పుడు చేయి తడబడుట వింత కాదు. ఆ నాటినుండి ఆయన తన పాత లేత్ దగ్గర కూడ తడబడుటయే వింత. తెలియనిదాని యెదుట కలిగిన బెరుకు తెలిసినదానికి కూడ ప్రాకును. పక్కనున్న ఇరువది రెండేండ్ల కుర్రవానిని అడిగిన రెండు నిమిషములలో తీరిపోవు సందేహమును ఆయన రెండు నెలలు మోయును. అడుగుటకు నామోషి. ఇంట భార్య అడిగినను "ఏమియు లేదు" అనును.

కుర్రవాని సంగతియు మేలుగా నున్నదని అనుకొనరాదు. అతనికి తెర తెలియును, ఇనుము తెలియదు. యంత్రము చెప్పినదానిని నమ్ముట తప్ప అతనికి వేరు దారి లేదు. కావున పెద్దవాని భయము మౌనముగా కనిపించును, చిన్నవాని భయము డంబముగా కనిపించును. పైకి ఒకటి పిరికితనము, మరియొకటి ధీమా. లోపల రెండును ఒకటియే.

మరి నిబ్బరమనగా నేమి? అది ఎక్కడినుండి వచ్చును? దీనికి సమాధానము వెదకుటకు చిల్కానగర్ వాసులు దూరము పోనక్కరలేదు. తమ పొరుగుననే, ఉప్పల్‌లో, ఒక పాఠశాల కలదు. అది భారత సర్వే శాఖవారి శిక్షణ సంస్థ. 1767లో స్థాపింపబడిన ఆ శాఖ తన ఉద్యోగులకు నేలను కొలుచు విద్య నేర్పుటకై 1960ల దశకమున ఇచట ఈ శిక్షణాలయమును నెలకొల్పినది. దాని పేరు పలుమారులు మారినది. మొదట సర్వే శిక్షణ అనిరి. పిమ్మట సర్వేయింగ్, మ్యాపింగ్ అనిరి. నేడు జియో-ఇన్ఫర్మాటిక్స్ అనుచున్నారు. బోర్డుమీది పేరే ఇన్నిమార్లు మారినచో, లోపల నేర్పు విద్య ఎంత మారియుండునో ఊహింపవచ్చును. ఇంత తీవ్రముగా పనిముట్లు మారిన వృత్తులు మన చుట్టుపట్ల ఎక్కువ లేవు.

తొలినాళ్ళలో సర్వేయరు ఆస్తి గొలుసు, థియొడలైటు, ప్లేన్ టేబులు. గొలుసు సంగతి మన పల్లెలలో పెద్దలందరికి తెలిసినదే. తెలంగాణలో గుంట యనగా 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల నేల. అనగా 121 చదరపు గజములు. అట్టివి 40 చేరిన ఎకరము. గొలుసు పొడవే గుంటకు కొలత అయినది. ఆంధ్ర ప్రాంతమున 66 అడుగుల గొలుసు. దాని చదరము 10 సెంట్లు. కొలుచు పనిముట్టు భూమి లెక్కలోనే స్థిరపడిపోయినది చూడుడు. ప్లేన్ టేబులు మరియు చిత్రమైనది. మూడు కాళ్ళమీద నిలిపిన పలక, దానిపై కాగితము. సర్వేయరు కొండమీద నిలిచి, కంటికి కనిపించు గుళ్ళను, గుట్టలను, చెరువు కట్టలను గురిచూచి అక్కడికక్కడే పటము గీయును. ఎండ, గాలి, వాన, కాగితము ఉబ్బుట, ఈ బాధలన్నిటి నడుమ గీత తప్పరాదు. ఆ విద్య వచ్చుటకు ఏండ్లు పట్టును.

ఆ మీదట కాంతి కిరణముతో దూరమును కొలుచు పరికరములు వచ్చినవి. కోణమును దూరమును ఒక్కసారియే కొలిచి జ్ఞాపకము పెట్టుకొను టోటల్ స్టేషను వచ్చినది. తరువాత ఉపగ్రహములు. అమెరికావారి జి.పి.ఎస్. 1995 నాటికి పూర్తిగా పనిలోనికి వచ్చినది. మొదట వారు పౌరుల వాడుకకిచ్చు సంకేతములలో కావలెననియే కొంత దోషము కలిపెడివారు. 2000 మే నెలలో దానిని తొలగించిరి. ఇప్పుడు డ్రోనులు, ఎడతెగక సంకేతములందుకొను స్థిర కేంద్రములు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలిడినప్పుడు ఈ పరికరములే పొలములలోనికి దిగినవి. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము పటములు తయారుచేయుటపై నుండిన అనుమతుల కట్టుబాట్లను చాలవరకు సడలించినది. అంతవరకు ప్రభుత్వ శాఖల చేతిలోనుండిన పని ప్రైవేటు కంపెనీలకును తెరచుకొన్నది. 2025లో తెలంగాణ ప్రభుత్వము లైసెన్సుగల సర్వేయర్లకు శిక్షణ నిచ్చుటకు పూనుకొన్నది. ఒక్క మనిషి ఉద్యోగకాలములో ఇన్ని మార్పులు!

ఇందులో సర్వేయరునకు నిలుచుటకు చోటెక్కడ? పొలము గట్టుమీద అన్నదమ్ములిద్దరు తగవులాడుచు నిలిచియుందురు. ఊరివారు పదిమంది చుట్టు చేరియుందురు. హద్దురాయి ఇచ్చటనా, అచ్చటనా అని తేల్చవలసినవాడు ఆ ఉద్యోగి. ఆ క్షణమున ఆయన గొంతు వణికినచో ఊరంతయు వినును. ఉపగ్రహ యంత్రమును చేతబట్టి, "ఇది ఇట్లు చూపుచున్నది, మరి నాకు తెలియదు" అన్నచో ఆ కొలతకు విలువ లేదు. "నేను చెప్పితిని గనుక ఇదే హద్దు" అన్నను చెల్లదు. అవతలివాడు న్యాయస్థానమునకు పోవును. కొలతయందు తనకెంత నమ్మకమున్నదో, అంతే చెప్పి నిలువగలుగుట ఆయనకు కావలసిన గుణము.

ఈ గుణమును సర్వే విద్య చాలకాలము క్రిందటనే ఒక పద్ధతిగా మార్చుకొన్నది. సర్వేయరు ఒక గుర్తునుండి బయలుదేరి, గుర్తునుండి గుర్తునకు కొలుచుకొనుచు పొలము చుట్టి మరల మొదటి గుర్తునకే వచ్చును. లెక్క కట్టినప్పుడు మొదటి చోటును చివరి చోటును సరిగా కలిసిపోవలెను. కాని ఎన్నడును కలియవు. కొన్ని అంగుళముల తేడా వచ్చును. దానికి ముగింపు దోషము అని పేరు. తేడా మితిలో ఉన్నచో దానిని మార్గమంతటికి పంచి సరిచేయుదురు. మితి దాటినచో మరల కొలుతురు. ఇక్కడ ఒక్క విషయము గమనింపవలయును. దోషము రాలేదని చెప్పిన శిష్యుని గురువు మెచ్చుకొనడు. అంకెలు దిద్దినాడేమో యని అనుమానించును. దోషమెంత వచ్చినదో చెప్పగలిగిన శిష్యునే మెచ్చుకొనును. సర్వేయరు నిబ్బరము తప్పు లేకుండుటయందు లేదు, తప్పు కొలతను ఎరిగియుండుటయందున్నది.

ఇంటి స్థలమును కొలుచునప్పుడు గృహస్థులు కూడ ఈ పద్ధతిని పరీక్షించుకొనవచ్చును. 200 గజముల స్థలము 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు అనుకొందము. నాలుగు వైపులు కొలిచి సరిపోయినవని చాలమంది సంతోషింతురు. కాని స్థలము పక్కకు వాలియున్నను నాలుగు వైపులు సరిగనే వచ్చును, లోపలి వైశాల్యము మాత్రము తగ్గును. ఒక మూలనుండి ఎదుటి మూలకు కొలిచి చూడవలెను. రెండు కర్ణములును 67 అడుగుల 1 అంగుళము వచ్చినచో స్థలము చదరముగా నున్నదని నమ్మవచ్చును. మూలమట్టము పట్టిన మేస్త్రీలందరు ఈ మాట ఎరుగుదురు. కొలిచినదానినే మరల కొలుచుట పరీక్ష కాదు. వేరొక దారిలో కొలుచుట పరీక్ష.

ఈ విద్యకు మన హైదరాబాదుతో పాత సంబంధము కలదు. 1802లో మద్రాసునందలి సెయింట్ థామస్ కొండ దగ్గర మహా త్రికోణమితి సర్వేను ప్రారంభించిన విలియం లాంబ్టన్ పిమ్మట హైదరాబాదునందు బస చేసి పనిచేసెను. 1818 చివర ఆయనకు సహాయకుడుగా ఇచటికి వచ్చిన యువకుడే జార్జి ఎవరెస్టు. లాంబ్టన్ వాడిన థియొడలైటు అరటన్ను బరువుగల భారీ యంత్రము. 1808లో తంజావూరు పెద్దకోవెల శిఖరముపైకి దానిని ఎక్కించునప్పుడు త్రాడు తెగి, యంత్రము గోడను కొట్టుకొని వంకరపోయినది. అట్టిది మరల ఇంగ్లండునుండి రావలెనన్న ఏండ్లు పట్టును. యాబదియేండ్లు దాటిన లాంబ్టన్ దానిని భాగములుగా విప్పి, మరలతోను మేకులతోను మెల్లమెల్లగా లాగి, సుమారు ఆరు వారములలో మునుపటి వలయాకారమునకు తెచ్చెను. ఈ కథను సాహసగాథగా చెప్పుట వాడుక. మా దృష్టిలో దీనికంటె మద్రాసు, బెంగళూరుల కథ గొప్పది. మద్రాసు దగ్గర కొలిచిన రేఖనుండి త్రికోణములమీద లెక్క కట్టుకొనుచు ఆయన బెంగళూరు చేరెను. అచట 1804లో సుమారు ఏడు మైళ్ళ రేఖను మరల నేలమీద గొలుసుతో కొలిపించి లెక్కతో సరిచూచెను. తేడా నాలుగంగుళములకు లోపే. అంతకుముందు ఎవరెన్ని మెచ్చుకోలు మాటలు చెప్పినను, ఆ నాలుగంగుళములు ఇచ్చిన నిబ్బరమును ఇచ్చియుండజాలవు. యంత్రము విరిగిననాడు చేయి వేయగలుగుటకు ఆ నిబ్బరమే కారణమని మా ఊహ.

ఆ సర్వేలోనే మరియొక వృత్తి యుండెడిది. కొలతలను పుస్తకములలో చేర్చి, లాగరితం పట్టికలు ముందు పెట్టుకొని, దినమంతయు లెక్కలు కట్టు ఉద్యోగులు. వారి ఉద్యోగనామము కంప్యూటరు! 1831లో అట్టి ఉద్యోగములో చేరిన వంగదేశీయుడు రాధానాథ్ సిక్దార్. హిమాలయములలో పదునైదవ శిఖరమని గుర్తు పెట్టిన కొండయే ప్రపంచమున ఎల్లకొండలకంటె ఎత్తైనదని 1852లో లెక్క తేల్చినవాడు ఆయనయే. దానికే పిమ్మట ఎవరెస్టు పేరు పెట్టిరి. కాలక్రమమున యంత్రము వచ్చి మనిషి పనినే గాక మనిషి పేరును కూడ తీసికొన్నది. నేడు కంప్యూటరనగా మనిషి యని తలచువాడు లేడు. ఇది విచారింపదగిన సంగతియే; ఆ వృత్తి నిజముగా అంతరించినది. ఏ వృత్తియు చావదని ఓదార్పు మాటలు చెప్పుట మాకిష్టము లేదు. అయితే ఒకే లెక్కను ఇద్దరు విడివిడిగా కట్టి సరిచూచుకొను అలవాటు ఆ గణకులది. ఆ అలవాటు మాత్రము యంత్రముల యుగములో మరింత అవసరమైనది. ఏలయన యంత్రము తప్పు చెప్పునప్పుడు కూడ దాని గొంతు వణకదు.

ఉపగ్రహ పరికరమునే చూడుడు. ఎత్తైన మేడల నడుమనో, దట్టమైన చెట్ల క్రిందనో నిలిపినచో సంకేతములు గోడలకు తగిలి తిరిగివచ్చును, దారి పొడవగును, యంత్రము తప్పు చోటు చూపును. అయినను తెరమీద అంకెలు మిల్లీమీటరు వరకు ముద్దుగా కనిపించుచుండును. కొత్తవాడు ఆ దశాంశములను చూచి మురియును. ప్లేన్ టేబులుతో పెరిగిన పాత సర్వేయరు నేలవైపు చూచి, "చెరువు కట్ట ఇంత వంకరగా నుండదు" అని వెంటనే పట్టుకొనును. కాని అంతటితో ఆయన గెలిచినట్లు కాదు. తప్పున్నదని తెలిసినది గాని, ఎందుకు వచ్చినదో తెలియదు. సంకేతము తిరిగివచ్చు సంగతి కొత్తవాడు చెప్పవలసినదే. ఇద్దరును ఒకే గుర్తుమీద, ముందే కొలత తెలిసిన గుర్తుమీద, కొత్త యంత్రమును పాత యంత్రమును నిలిపి చూచినచో ఒక పూటలో ఇద్దరికిని చదువు వచ్చును. కొత్త పరికరమును మొట్టమొదట తెలిసినచోటనే పరీక్షించుట సర్వేయర్ల ఆచారము. తెలియని పనిని తెలియని పరికరముతో మొదలుపెట్టుమనుట ఏ కార్యాలయమునందైనను అన్యాయము.

మనస్తత్వ శాస్త్రజ్ఞులును ఇంచుమించు ఈ మాటయే చెప్పినారు. అమెరికా దేశమునందలి ఆల్బర్ట్ బందూరా 1977లో, ఒక పనిని తాను చేయగలనను నమ్మకము మనిషికి నాలుగు దారులలో కలుగునని వ్రాసెను. స్వయముగా చేసి నెగ్గుట, తనవంటివాడు నెగ్గుట చూచుట, ఇతరుల ప్రోత్సాహము, తన శరీరమున గుండెదడ, చెమట వంటి గుర్తులను తాను అర్థము చేసికొను తీరు. వీటిలో మొదటిది అన్నిటికంటె బలమైనదని ఆయన అభిప్రాయము. ప్రోత్సాహ వాక్యములు అంత బలమైనవి కావు. నేడు వేదికలెక్కి "మీరు సాధింపగలరు" అని గట్టిగా పలుకు ఉపన్యాసకులకు కొదువ లేదు. మా వృత్తియు మాటలదే గనుక ఈ విమర్శ చేయుటకు కొంత సంకోచించుచున్నాము. అయినను మూడవ దారిని మొదటి దారియని అమ్ముట న్యాయము కాదు. రెండవ దారిలోని "తనవంటివాడు" అను మాటను గుర్తింపుడు. నలువది యేడేండ్ల టర్నరునకు ఇరువది యేండ్ల కుర్రవాని చురుకుదనము చూచినచో ధైర్యము రాదు, మరింత పోవును. తన యీడువాడు నేర్చుకొనుట చూచినచో వచ్చును. కర్మాగారములలో శిక్షణ నిచ్చువారు ఈ చిన్న సంగతిని పాటింపకపోవుట విచిత్రము.

మా ఆకాశవాణి పనియు ఇటువంటి మార్పునకు లోనైనదే. మేము ఉద్యోగమునకు వచ్చిన తొలినాళ్ళలో పెద్దలు కొందరు ఇంకను స్పూలు టేపుల సంగతులే చెప్పుకొనెడివారు. సెకనుకు ఏడున్నర అంగుళములు నడచు టేపు. ప్రసంగములో ఒక దగ్గు తీసివేయవలెనన్న, టేపును చేతితో ముందునకు వెనుకకు కదలించి ధ్వని మొదలగు చోటును చెవితో పట్టి, పెన్సిలుతో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించెడివారు. అంగుళమున్నర తేడా వచ్చినచో అక్షరము తెగును. కంప్యూటరు తెరమీద ధ్వని గీతగా కనిపించుట మొదలైనప్పుడు, చూపుతో కోయవచ్చునని కొత్తవారు సంబరపడిరి. చూపుతో కోసినదానిలో మాటకును మాటకును నడుమ మనిషి తీసికొను ఊపిరి పోయెడిది. వినుటకు ఆయాసముగా నుండెడిది. తెరకు అలవాటుపడిన పెద్దలు మాత్రము కన్నులు మూసికొని విని, అప్పుడు కోసెడివారు. బ్లేడు పోయినను చెవి మిగిలినది. ఏ వృత్తిలోనైనను ఏది బ్లేడు, ఏది చెవి యని విడదీసి చూచుకొనుట మేలు. లేత్ మీది టర్నరునకు చప్పుడును గుర్తించు చెవి కలదని ముందే చెప్పితిమి. సి.ఎన్.సి. యంత్రము దగ్గర కూడ టూలు మొద్దువారినప్పుడు చప్పుడు మారును. ఆ చప్పుడు తెరమీది అంకెలలో కనిపింపదు.

నాచారమునకు ఉత్తరముగా పోయినచో ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారము వచ్చును. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో దానికి తొలి సారథి. అంతకుముందు ట్రాంబేలో ఆయన బృందము 1956లో నడచుట ప్రారంభించిన అప్సర అణురియాక్టరునకు కావలసిన నియంత్రణ పరికరములను ఇచ్చటనే తయారుచేసినది. విదేశమునుండి తెప్పించుకొని బిగించుట సులభము. చేసి చూచుట కష్టము. కాని చేసి చూచినందుననే, పరికరము చెడినప్పుడు విప్పుటకు భయము లేకపోయినది. 1969లో టి.డి.సి. 12 అను కంప్యూటరు వెలువడినది ఆ పరంపరలోనిదే. వాల్వులతో మొదలిడి ట్రాన్సిస్టర్లకు, అటనుండి చిప్పులకు మారిన తరము అది. మీ వీథి చివర రేడియో బాగుచేయు మేస్త్రీలలో కూడ ఈ మూడు యుగములు చూచినవారు ఉండియుందురు. వారినడిగిన కారణములు చెప్పరు గాని, విప్పుటకు మాత్రము జంకరు.

గృహిణులను గూర్చి రెండు మాటలు. పెండ్లికి ముందు జమాఖర్చులు వ్రాయు ఉద్యోగము చేసి, పిల్లలకొరకు అయిదారేండ్లు విడిచి, మరల పనికి పోదలచువారు ఇట్టి పేటలలో ఎందరో కలరు. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చినప్పుడు విడువక ఉద్యోగము చేయుచున్న గుమాస్తాలే తల్లడిల్లిరి. ఆ తేదీకి ముందు మానినవారు "నాకు తెలిసినదంతయు పాతబడినది" అని వెనుకంజ వేయుట సహజము. కాని జమ, ఖర్చు, నిలువ, ఈ మూటికి పొంతన కుదురవలెననునది పాతబడలేదు; అది లెక్కలలోని ముగింపు దోషము. ఇట్టివారు శిక్షణ తరగతులలో పుస్తకమంతయు వినుటకంటె, తెలిసినవారి చిన్న దుకాణమునకు ఒక్క నెల లెక్కను మొదటినుండి చివరవరకు తామే వ్రాసి, అనుభవజ్ఞునిచే సరిచూపించుకొనుట ఎక్కువ ఫలము నిచ్చును. పది పనులు సగము సగము నేర్చినవారికంటె ఒక్క పని ముగించి సరిచూచుకొన్నవారి గొంతు స్పష్టముగా నుండును.

ఇంతయు కార్మికులకు, ఉద్యోగులకు చెప్పుచు యజమానులను విడిచిపెట్టుట న్యాయము కాదు. సోమవారము యంత్రము దింపి మంగళవారము ఉత్పత్తి అడుగువారు, మనుష్యులలో నిబ్బరము లేదని బుధవారము ఆక్షేపింతురు. ఇప్పుడు కృత్రిమ మేధతో నడచు సాధనములు కార్యాలయములలోనికి వచ్చుచున్నవి. ఉత్తరములు వ్రాయుట మొదలు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుటవరకు వాటిని వాడుమనుచున్నారు. అవి ఇచ్చిన సమాధానమును సరిచూచుటకు కూడ సమయము పట్టునని జీతమిచ్చువారు లెక్కలో చేర్చుకొనవలెను. పాత పద్ధతిని కొత్త పద్ధతిని కొంతకాలము పక్కపక్కన నడుపుట ఖర్చే. బ్యాంకులలో కంప్యూటర్లు వచ్చినప్పుడు చేతివ్రాత లెడ్జర్లను కూడ కొంతకాలము నడిపిరి. అది దండుగ యని అప్పుడు విసుగుకొన్నవారుండిరి. కాని పొరపాట్లు బయటపడినది ఆ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టినప్పుడే.

అడుగుటకు సిగ్గుపడని వాతావరణము ఎట్లు కల్పింపవలెనని యజమానులు ప్రశ్నింతురు. దీనికి ఉపన్యాసములు పనికిరావు, వాడుక ఒకటి ఏర్పడవలెను. సర్వేయర్లలో అట్టి వాడుక కలదు. థియొడలైటు దగ్గర ఒకరు నిలిచి కోణము చదువుదురు, పక్కన ఒకరు పుస్తకములో వ్రాయుదురు. చదివినవారు అంకెను బిగ్గరగా పలుకుదురు. వ్రాయువారు దానిని మరల బిగ్గరగా పలికిన పిమ్మటనే వ్రాయుదురు. "ముప్పదియారు డిగ్రీలు, పదునాలుగు నిమిషములు" అని ఒకరు; "ముప్పదియారు, పదునాలుగు" అని మరియొకరు. చదువువారు ముప్పదియేండ్ల అనుభవముగల అధికారి కావచ్చును, వ్రాయువారు నిన్న చేరిన కుర్రవాడు కావచ్చును. మరునాడు కుర్రవాడు చదువును, అధికారి వ్రాయును. తప్పు వినిపించినచో ఆపి, మరల చదువుమనుట వ్రాయువారి విధి. అందుకు ఎవరును చిన్నబుచ్చుకొనరు. దినమునకు వందలకొలది అంకెలు ఈ విధముగనే పుస్తకమునకెక్కును.